పడవ నిండుతోంది కదా, చేప అయిపోయిందంటారేంటి? (గ్రాండ్ బ్యాంక్స్, కాడ్ కోటాలు)

తెరచాప:
న్యూఫౌండ్‌లాండ్‌కి అవతల సముద్రంలో గ్రాండ్ బ్యాంక్స్ అని నీళ్ళ అడుగున లేచిన పెద్ద మిట్టలు ఉన్నాయి కదా. ఉత్తరం నుంచి చల్లటి లాబ్రడార్ ప్రవాహం, దక్షిణం నుంచి వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్ అక్కడికి దగ్గర్లోనే కలుస్తాయి. 1497లో జాన్ కాబట్ ఓడ వెళ్ళినప్పుడు బుట్ట దింపితే చాలు చేప పడుతుందని చెప్పుకున్న నీళ్ళు అవి. అక్కడి కాడ్ చేప మీద 1992 జులైలో కెనడా వేట నిషేధం పెట్టింది. రెండేళ్ళకని పెట్టింది కాస్తా 32 ఏళ్ళు నడిచి, 2024 జూన్‌లో ఎత్తేశారు. తెరిచిన ఏడాది కోటా 18,000 టన్నులు. 1968లో అదే మందలోంచి పట్టింది సుమారు 8,10,000 టన్నులు.

నా ప్రశ్న ఇది. 1977 నుంచి కెనడాకి తీరం నుంచి 200 మైళ్ళ వేట హద్దు ఉంది, శాస్త్రవేత్తలున్నారు, ఏటా ఇంత మించి పట్టకూడదని లెక్క ప్రకటించేవాళ్ళు. కోటా లేక చేప పోయిందంటే అర్థం చేసుకుంటాను. కోటా ఉండగానే, అదీ పదిహేనేళ్ళు ఉండగానే ఎలా పోయింది? అలాంటప్పుడు కోటాలెందుకు అసలు?

గట్టుమీదకొంగ:
ఇందులో పెద్ద రహస్యం ఏముంది, విదేశీ ట్రాలర్లు, అంటే పెద్ద వల ఈడ్చే ఓడలు, ఊడ్చుకుపోయాయి. 1954లో బ్రిటన్ వాళ్ళు ఫెయిర్‌ట్రై అనే ఓడని దింపారు. వెనకవైపు నుంచి వల లాగి, పట్టినచోటే కోసి, అక్కడే గడ్డకట్టించే ఓడ. దాన్ని చూసి సోవియట్ యూనియన్, జర్మనీ, స్పెయిన్, పోర్చుగల్ అన్నీ ఎగబడ్డాయి. అంతకుముందు తుపానొస్తే వేట ఆగేది, మంచు కప్పితే ఆగేది, రేవుకి తిరిగి రావాలి కాబట్టి ఆగేది. ఆ మూడూ పోయాయి. మీరు చెప్పిన 1968 లెక్క వీళ్ళ పుణ్యమే. పదేళ్ళు తిరిగేసరికి అది లక్షా నలభై వేల టన్నుల దగ్గరికి పడిపోయింది. చిన్న పడవల మీద బతికేవాళ్ళని ఆడిపోసుకోవడం తర్వాత, ముందు ఇది చెప్పండి.

లెక్కలమాస్టారు:
కొంగగారూ, 1977 దాకా మీరు చెప్పింది అక్షరాలా నిజం. తెరచాప గారు అడిగింది ఆ తర్వాత సంగతి. విదేశీయుల్ని చాలావరకు బయటికి పంపాక కూడా ఎందుకు పోయింది అని.

చేప ఎంత ఉందో తెలుసుకోడానికి వాళ్ళ దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి పరిశోధన ఓడ. ఏటా మొత్తం ప్రాంతాన్ని గళ్ళుగా విడదీసి, చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకున్న చోట్ల, చేప ఉన్నా లేకపోయినా ఒకే రకం వల, ఒకే వేగం, ఒకే సమయం లాగుతారు. చాలాసార్లు ఖాళీగా వస్తుంది. ఖాళీ వల కూడా లెక్కే. రెండోది వ్యాపార ట్రాలర్లు గంటకి ఎన్ని టన్నులు పడుతున్నాయో చెప్పే లెక్క. 1980లలో ఈ రెండూ వేర్వేరు దారులు పట్టాయి. ట్రాలర్ల లెక్క చేప పెరుగుతోందంది, పరిశోధన ఓడ లెక్క అంత సంబరం ఏమీ లేదంది. ఏం చేశారు? రెండింటినీ కలిపి మధ్యస్థంగా ఒక అంకె తీశారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇక్కడే. ఎందుకంటే ఆ రెండు లెక్కలూ ఒకే విషయాన్ని కొలవడం లేదు. ట్రాలర్ కెప్టెన్ చేప ఉన్నచోటికే వెళ్తాడు, దానికే అతనికి జీతం. అతని దగ్గర నీళ్ళలో చేప జాడ పట్టే సోనార్ ఉంది, ఏటికేడు అది మెరుగవుతోంది. పైగా కాడ్ మంద తగ్గేకొద్దీ పలచబడి అన్నిచోట్లా కొద్దికొద్దిగా ఉండదు, మిగిలినవన్నీ దగ్గరికి చేరి గుంపు కడతాయి. చెరువు ఎండుతుంటే నీళ్ళు నడిమధ్య గుంటలోకి చేరతాయి చూడండి, ఆ గుంటలో బిందె ముంచేవాడికి చివరి రోజు దాకా బిందె నిండుతూనే ఉంటుంది. 1990, 91ల్లో మిగిలిన కాడ్ దక్షిణంగా జరిగి న్యూఫౌండ్‌లాండ్‌కి అవతల బోనవిస్టా వైపు ఇరుకు ప్రాంతంలో దట్టంగా చేరింది. అక్కడ వల వేసినవాళ్ళకి బంగారు కాలంలానే కనిపించి ఉంటుంది.

తెరచాప:
అంటే పడవలో పడిన చేపని బట్టి సముద్రంలో చేపని లెక్కేయకూడదంటారా? మరి అప్పట్లో ఒక్కరికీ అనుమానం రాలేదా?

లెక్కలమాస్టారు:
వచ్చింది, అదీ తీరం దగ్గర చిన్న పడవల వాళ్ళకి. ఎనభైల మధ్యనుంచే చేప చిన్నదైపోతోంది, ఒడ్డుకి రావడం తగ్గిపోతోందని మొత్తుకున్నారు. వాళ్ళవి బోను వలలు, గాలాలు. చేప తమ దగ్గరికి వస్తేనే పడుతుంది, ఇవి చేప వెంట పరుగెత్తేవి కావు. కాబట్టి వాళ్ళ లెక్కే నిజానికి దగ్గరగా ఉంది. నియమం ప్రకారం ఏడాదికి ఉన్న చేపలో అయిదోవంతు మించి పట్టకూడదు. తర్వాత వెనక్కి వెళ్ళి సరిచూస్తే పట్టింది దానికి రెట్టింపు పైనే. కోటా దాటి పట్టారని కాదు. కోటా కట్టిన పునాదే తప్పు.

ఇంజిన్‌గది:
ట్రాలర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఒక మాట. ఏ కంపెనీ, ఏ దేశం అని అడగొద్దు.

కోటా అనేది రేవులో తూకం వేసిన చేపకే. సముద్రంలో చచ్చిన చేపకి తూకం లేదు. వల తోక భాగాన్ని డెక్ మీదకి లాగి ముడి విప్పితే ఒక్కసారిగా కుప్ప పడుతుంది. లోతులోంచి వేగంగా పైకి తెచ్చిన కాడ్‌ని చూస్తే, లోపలి గాలి తిత్తి ఉబ్బి కడుపులోనిది నోట్లోకి తోసుకొచ్చి ఉంటుంది, కళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. దాన్ని నీళ్ళలోకి తోసినా తిరిగి లోతుకి వెళ్ళలేదు, పైన తేలుతుంటే పక్షులు చూసుకుంటాయి. అయినా తోసేవాళ్ళం. చిన్నదైతే ధర రాదు. ఆ రకం కోటా అయిపోయి ఉంటే ఒడ్డుకి తేవడం నేరం. ఇంకో రకం కూడా ఉంది. కోటా కొంచెమే మిగిలింది, పొద్దున పట్టింది మధ్యరకం, సాయంత్రం పెద్ద చేప పడింది, పొద్దుటిది పారబోసి పెద్దవి ఉంచుకోవడం. కాగితం మీద కోటా ఒక్క కిలో కూడా దాటదు.

యూరోపియన్ యూనియన్ వాళ్ళు 2015 నుంచి 2019 లోపు దశలవారీగా పారబోత నిషేధించారు, పట్టిందంతా ఒడ్డుకి తేవాలని. రూలు మంచిదే. కానీ నడిసముద్రంలో రాత్రి రెండింటికి డెక్ మీద కెమెరా లేకపోతే ఆ రూలు ఎవరు చూడొచ్చారు?

పుల్లవిరుపు:
అధికారి ఓడలో ఉన్నప్పుడు చిన్న చేపలకి కూడా సిగ్గేసి వల్లో పడవనుకుంటా.

గట్టుమీదకొంగ:
సరే, ఇంకో వైపు కూడా చూడండి. తొంభైల మొదట్లో ఆ నీళ్ళు మామూలు కంటే బాగా చల్లబడ్డాయి. కాపెలిన్ అనే చిన్న చేప, కాడ్‌కి అదే అన్నం, అది 1990–91లో కుప్పకూలింది. సీల్‌లు లక్షల్లో ఉన్నాయి. ఇవన్నీ వదిలేసి వేటగాడి మీదే నెపం వేస్తే ఎలా? పైగా గ్రాండ్ బ్యాంక్స్ ముక్కు, తోక అని పిలిచే రెండు కొసలు 200 మైళ్ళకి బయటే ఉన్నాయి, ఫ్లెమిష్ క్యాప్ అనే పక్క మిట్ట మొత్తం బయటే. అక్కడ విదేశీ ఓడలు అలాగే పట్టాయి. 1995 మార్చిలో ఎస్తాయ్ అనే స్పెయిన్ ట్రాలర్‌ని కెనడా పట్టుకుంది గుర్తుందా? వాళ్ళు వల తెంచి సముద్రంలో వదిలేస్తే, కెనడా వాళ్ళు దాన్ని వెతికి పైకి తీసి, వల కన్ను ఎంత చిన్నదో చూడండని న్యూయార్క్‌లో వేలాడదీశారు. అప్పటి మత్స్యశాఖ మంత్రి బ్రయన్ టోబిన్ దాని ముందే నిలబడి మాట్లాడాడు.

లెక్కలమాస్టారు:
ఎస్తాయ్ గొడవ కాడ్ గురించి కాదండీ, టర్బట్ అనే వేరే చేప గురించి. అదీ కాడ్ పోయిన మూడేళ్ళకి. కాడ్ ఉంటే ఆ ఓడలు లోతు నీళ్ళలో టర్బట్ కోసం అంత కొట్లాడేవి కావేమో.

చలి సంగతికొస్తే, ఆ మంద అంతకుముందు శతాబ్దాల్లో ఎన్ని చలికాలాలు చూసిందో. అప్పుడు తట్టుకుంది, ఈసారి తట్టుకోలేదు. దానికి కారణం మందలో ముసలి చేపలు మిగలకపోవడం అని నేననుకుంటాను. చేప వయసు ఎలా చెప్తారో తెలుసా? తల లోపల చెవి దగ్గర చిన్న రాయి ఉంటుంది, గోరంత. దాన్ని అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే చెట్టు మానులోలాగే ఏడాదికో వలయం కనిపిస్తుంది, వేసవిది వెడల్పుగా, చలికాలానిది సన్నగా. కాడ్ ఇరవై ఏళ్ళ పైన బతకగలదు. వేట తీవ్రమయ్యాక దొరికే రాళ్ళలో వలయాలు తగ్గిపోతూ వస్తాయి. 30 కిలోల ఆడ కాడ్ ఒక్కటి పెట్టే గుడ్లు, రెండేసి కిలోల చేపలు 28 కలిసి పెట్టేవాటికంటే ఎక్కువ. బరువు చూస్తే ఆ ఇరవై ఎనిమిదీ 56 కిలోలు. మరి కోటా టన్నుల్లోనే ఉంటుంది కదా, దానికి ఈ తేడా తెలీదు. ఒక ఏడాది చలికి పిల్లలు బతక్కపోతే మళ్ళీ ఏడు, ఆ పై ఏడు గుడ్లు పెట్టడానికి పెద్దవి ఉండాలి. అవి లేనప్పుడు ఒక్క చెడ్డ సంవత్సరం చాలు.

నీలివల:
ఆలస్యంగా వచ్చాను. మాస్టారూ, మీరు పునాది తప్పు అన్నారు, సగం ఒప్పుకుంటాను. 1989కి ఆ తప్పు బయటపడింది. చేప మేం అనుకున్నదాంట్లో సగమే ఉందని ప్రభుత్వ శాస్త్రవేత్తలే చెప్పారు. నియమం ప్రకారం కోటా 1,25,000 టన్నులకి దించాలి. ప్రభుత్వం 2,35,000 ప్రకటించింది. ఇక్కడ లెక్క తప్పు ఏమీ లేదు, లెక్క చేతిలో ఉంది. ఒక్కసారి సగానికి కోస్తే ఫ్యాక్టరీలు మూతపడతాయి, ఊళ్ళకి ఊళ్ళు రోడ్డున పడతాయి, ఆ టెన్షన్ ఎవరు పడతారని మెల్లగా దించుదామనుకున్నారు. మూడేళ్ళకి కోటా సున్నా అయింది. ఒక్క దెబ్బకి ముప్పై వేల మందికి పని పోయింది. నిషేధం ప్రకటించిన రోజు సెయింట్ జాన్స్‌లో మంత్రి జాన్ క్రాస్బీ విలేఖరులతో మాట్లాడుతుంటే బయటున్న మత్స్యకారులు తలుపు పగలగొట్టబోయారు. వారానికి 225 డాలర్ల పరిహారం అన్నారు మరి. తర్వాత పెంచారు. ఆ పదేళ్ళలో న్యూఫౌండ్‌లాండ్ జనాభా దాదాపు పదిశాతం తగ్గింది.

కోటాని ఏటా రాజకీయ నాయకుడి బల్ల మీద పెట్టడమే అసలు జబ్బు. అతను చెడ్డవాడని కాదు. ఈ ఏడాది పోయే ఉద్యోగానికి పేరుంది, ఓటుంది. వచ్చే ఐదేళ్ళలో పుట్టాల్సిన చేపకి రెండూ లేవు.

పిల్లకాలవ:
అందరికీ నమస్కారం, చదువుతున్నాను తప్ప రాయడం ఇదే మొదలు. కోటాలు ఇంత తలనొప్పి అయితే కొన్ని ప్రాంతాలు మొత్తంగా మూసేయొచ్చు కదా? టన్నులు లెక్కపెట్టక్కర్లేదు, పారబోత గొడవ లేదు, ఉపగ్రహంతో ఓడ ఎక్కడుందో చూస్తే చాలు.

నీలివల:
మంచి ప్రశ్న తమ్ముడూ (చెల్లెలివైతే చెల్లీ). అది చేసి చూసిన చోటు ఉంది, జార్జెస్ బ్యాంక్. అమెరికా, కెనడాల మధ్య ఆ బ్యాంక్‌ని 1984లో అంతర్జాతీయ న్యాయస్థానం గీత గీసి పంచింది. అమెరికా వైపు కాడ్, హాడక్, ఎల్లోటెయిల్ ఫ్లౌండర్ అన్నీ అడుగంటితే 1994 డిసెంబర్‌లో పెద్ద ప్రాంతాలు మూసేశారు, సుమారు 17,000 చదరపు కిలోమీటర్లు. మూసింది ఆ చేపల కోసం. ఎక్కువ లాభపడింది మాత్రం స్కాలప్‌లు, ఆల్చిప్పల జాతి. నేల మీద ఉన్నచోటే ఉంటాయి కాబట్టి నేల గీకే డ్రెడ్జ్‌లు రాకపోతే వాటికి పండగే. నాలుగేళ్ళకి మూసిన ప్రాంతాల్లో పట్టదగ్గ స్కాలప్‌లు పక్కనున్న తెరిచిన ప్రాంతాలకంటే సుమారు 14 రెట్లు దట్టంగా ఉన్నాయి. ఆ తర్వాత ప్రాంతాలని వంతులవారీగా తెరుస్తూ మూస్తూ నడిపారు, అది ఇప్పుడు అక్కడ మంచి ఆదాయమున్న వేట. హాడక్ కూడా బ్రహ్మాండంగా కోలుకుంది. కాడ్ మాత్రం కోలుకోలేదు. చేప ఈదుకుంటూ గీత దాటుతుంది, పైగా ఆ నీళ్ళు వేడెక్కుతున్నాయి. పైగా ఒక ప్రాంతం మూస్తే పడవలు ఇంట్లో కూర్చోవు, మూసిన గీత వెంబడే వరసలో నిలబడతాయి.

ఇంజిన్‌గది:
జార్జెస్ బ్యాంక్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా ఏళ్ళు హాడక్ బోలెడు ఉండేది, కోటా బోలెడు. కాడ్ కోటా పిసరంత. రెండూ ఒకే వల్లో పడతాయి. కాడ్ కోటా నిండగానే హాడక్ వేట కూడా ఆపాలి. ఏళ్ళ తరబడి హాడక్ కోటాలో చాలా భాగం పట్టకుండా మిగిలిపోయింది. దీనికి దొరికిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది. వల దగ్గరికి రాగానే హాడక్ పైకి లేస్తుంది, కాడ్ కిందికి పోతుంది. అందుకని వల కింది భాగంలో మనిషి దూరేంత పెద్ద కన్నులు పెట్టి, పై భాగం మామూలుగా ఉంచారు. కాడ్ కిందినుంచి జారిపోతుంది, హాడక్ మిగులుతుంది. దీన్ని ఏ మంత్రీ కనిపెట్టలేదు, మత్స్యకారులూ వలలు కుట్టేవాళ్ళూ శాస్త్రవేత్తలతో కూర్చుని చేశారు.

ఇక ఉపాయం ఇంకో రకంగా వాడినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలోని న్యూ బెడ్‌ఫోర్డ్ రేవులో కార్లోస్ రఫేల్ అని పెద్ద పడవల యజమాని, కోటా తక్కువున్న చేపని హాడక్ అని రాయించి అమ్మాడు. 2017లో నేరం ఒప్పుకున్నాడు, 46 నెలలు జైలు. అలాంటివాడొకడు ఉన్నప్పుడు పాడయ్యేది ఒక ఏడాది కోటా మాత్రమే కాదు. శాస్త్రవేత్తల లెక్కలోకి దొంగ అంకె చేరుతుంది, దాని మీద వచ్చే ఏడాది కోటా కడతారు.

గట్టుమీదకొంగ:
మరి ఐస్‌లాండ్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? బ్రిటన్‌తో వేట హద్దుల కోసం ‘కాడ్ యుద్ధాలు’ అనే మూడు గొడవలు పడి, 1976కల్లా 200 మైళ్ళు సాధించుకుని, 1984 నుంచి కోటాని పడవలవారీగా పంచారు. తర్వాత అమ్ముకునే, కొనుక్కునే హక్కు కూడా ఇచ్చారు. కాడ్ ఎంత పట్టాలో 1995 నుంచి ముందే రాసిపెట్టుకున్న సూత్రం ప్రకారం నడుపుతున్నారు. మొదట 25 శాతం, 2007 నుంచి 20 శాతం. మంత్రి బల్ల గొడవ కూడా చాలావరకు తగ్గింది. వాళ్ళ కాడ్ నిలబడింది. సొంతం అనుకుంటేనే మనిషి జాగ్రత్తగా చూసుకుంటాడు, అంతే.

నీలివల:
సూత్రం విషయంలో మీతో నూరు శాతం ఏకీభవిస్తా. పంచిన తీరులోనే పేచీ. ఎనభైల మొదట్లో మూడేళ్ళు ఎవరు ఎంత పట్టారో చూసి దాని ప్రకారం కోటా ఇచ్చారు. అంటే అప్పటిదాకా ఎక్కువ ఊడ్చినవాడికి ఎక్కువ వాటా, అదీ ఉచితంగా. తర్వాత పుట్టినవాడు వేటకెళ్ళాలంటే వాళ్ళ దగ్గర కొనాలి లేదా అద్దెకి తీసుకోవాలి. చిన్న రేవుల నుంచి కోటా అమ్ముడైపోయి పెద్ద కంపెనీల చేతికెళ్ళింది. ఇద్దరు మత్స్యకారులు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్తే, ఇది వివక్షేనని 2007లో ఆ కమిటీ చెప్పింది. చేప మిగిలింది, ఒప్పుకుంటా. ఎవరికి మిగిలింది అని కూడా అడగాలిగా.

పుల్లవిరుపు:
కెనడాలో చేపా లేదు, మనుషులూ లేరు. ఐస్‌లాండ్‌లో చేప ఉంది, మనుషులు అద్దెకున్నారు.

లెక్కలమాస్టారు:
పుల్లగారూ, నవ్వొచ్చింది కానీ కెనడాలో మరీ అంత లేదు. కాడ్ పోయాక అక్కడ పీతలు, రొయ్యలు విపరీతంగా పెరిగాయి, వాటి విలువ పాత కాడ్ విలువని దాటింది. ఊళ్ళన్నిటికీ అందలేదు, అది వేరే మాట.

తెరచాప గారి మొదటి పోస్టులో ఉన్న 2024 సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నిషేధం ఎత్తేశారు అనగానే చేప బాగా పెరిగిందనుకుంటాం. 2023 అక్టోబర్‌లో వాళ్ళు లెక్క కట్టే పద్ధతి మార్చారు, పాత సమాచారాన్ని 1954 దాకా వెనక్కి కలిపారు. దాంతో ‘ఇంతకంటే తగ్గితే ప్రమాదం’ అని గీసిన గీత కిందికి దిగింది. గీత దిగేసరికి మంద ప్రమాదపు మండలంలోంచి జాగ్రత్త మండలంలోకి వచ్చేసింది, అదీ 2016 నుంచే అక్కడ ఉందని తేలింది. మంద ఏడెనిమిదేళ్ళుగా పెద్దగా పెరగలేదు, ఉన్నచోటే ఉంది. కొత్త పద్ధతి పాతదానికంటే మెరుగైందే, అందులో మోసం లేదు. కానీ గీత జరిగిన మర్నాడే వేట పెంచడం నాకు రుచించదు.

తెరచాప:
కానీ నిషేధం ఉన్నప్పుడు కూడా తీరం దగ్గర చిన్న వేట సాగుతూనే ఉంది కదా, 2023లో 13,000 టన్నుల దాకా అనుమతి. దాంతో పోలిస్తే 18,000 అంత ఘోరమా?

నీలివల:
టన్నులు చూస్తే ఘోరం కాదు. ఎవరు పడతారో చూడండి. మొదటి 1,15,000 టన్నులు తీరప్రాంత మత్స్యకారులకి, మూలవాసులకే అని ప్రభుత్వం ఎప్పట్నుంచో మాటిచ్చింది. తెరిచిన రోజే ట్రాలర్లకి వాటా వచ్చింది, 200 మైళ్ళ బయట విదేశీ ఓడలకి అయిదు శాతం వచ్చింది. చేప చలికాలంలో గుంపుగా చేరి గుడ్లు పెట్టేది ఆ లోతు నీళ్ళలోనే. తీరం వాళ్ళ యూనియన్ ఆ రోజే గొడవకి దిగింది, న్యాయమే.

గట్టుమీదకొంగ:
ఇందులో మాత్రం నేను నీలివల గారి పక్షం. రాసిపెట్టుకోండి, రోజూ జరగదు.

ఇంజిన్‌గది:
వాటాల లెక్క సరే, కాపెలిన్ సంగతేంటి? కొంగగారు అన్నట్టు కాడ్‌కి అదే అన్నం. 1991లో పడిపోయింది, మళ్ళీ ఆ స్థాయికి రాలేదు. దాని మీద వేట ఇప్పటికీ నడుస్తోంది, ముఖ్యంగా గుడ్లున్న ఆడ చేప కోసం, మగవాటికి అంత ధర లేదు. కాడ్ కోటా మీద ఇంతమంది ఇంత రాశాం, కాపెలిన్ కోటా మీద ఎవరైనా పట్టుమని పది వాక్యాలు రాయగలరా?

లెక్కలమాస్టారు:
పది కాదు గానీ రెండు రాస్తాను. కాడ్, సీల్, తిమింగలం, పక్షులు కలిసి తినేదాంతో పోలిస్తే వేటలో పోయే కాపెలిన్ చాలా తక్కువని అధికారుల వాదన, అందులో నిజం ఉంది. అయితే మంద బాగున్న కాలంలో తక్కువ అనిపించే వాటా, పడిపోయిన ఏడాదిలో కూడా తక్కువేనా అన్నది విడిగా లెక్కకట్టాలి. దీనికి వేరే చర్చ తెరుస్తున్నాను, పీత కోటాల వాళ్ళు కూడా అక్కడికే రండి.